తాళం వేసిన వరి

ప్రేమ్‌చంద్ కాలు పోయింది పొలంలో కాదు, రోడ్డు పక్కన. సుల్తానాబాద్ దగ్గర ఒక ఊళ్లో కోత ముగించి, వరికోత మిషన్‌ను లారీ మీదికి ఎక్కిస్తుంటే కింద వేసిన ఇనుప పలక జారింది. మిషన్ పక్కకు ఒరిగింది. దూకబోయిన అతని ఎడమ కాలు దాని కింద పడింది. కరీంనగర్ ఆసుపత్రిలో డాక్టర్లు కాలు నిలబెట్టాలనే చూశారు. కుదరలేదు. మోకాలి కింద తీసేశారు.

అప్పటికి అతనికి నలభై దాటాయి. చిన్న వయసులోనే పంజాబ్ నుంచి మిషన్లతో వచ్చే డ్రైవర్ల దగ్గర చేరి, వాళ్ల పక్కన కూచుని పని నేర్చుకున్నాడు. తర్వాత తమ ఊరి హనుమండ్లు సొంతంగా మిషన్ కొంటే దానికి డ్రైవరయ్యాడు. యాసంగి కోతలొస్తే చుట్టుపక్కల రైతులు హనుమండ్లుకు ఫోన్ చేసి, "మిషన్ పంపు, కని ప్రేమన్ననే పంపు" అనేవాళ్లు. గాలివానకు పడిపోయిన వరిని కూడా గింజ రాలకుండా కోస్తాడని పేరు.

ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక ప్రేమ్‌చంద్ ఏడవలేదు. తల్లి మగ్దలేనమ్మ ఏడ్చింది. భార్య మహిమ చాటున ఏడ్చింది. చర్చి నుంచి పాస్టరు, నలుగురు ఆడవాళ్లు వచ్చి మంచం చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. "దేవుడు నీ పానం కాపాడిండు బిడ్డా" అన్నవాళ్లకు "అవు" అన్నాడు. "గింత అన్యాలం ఎట్ల జేసిండు దేవుడు" అన్నవాళ్లకూ "అవు" అనే అన్నాడు.

హనుమండ్లు ఆపిల్ పండ్ల సంచితో వచ్చి మంచం అంచున కూచున్నాడు.

"నీ జాగ ఎటువోదు ప్రేమూ. నువ్వు లేశి తిరిగినంక మాట్లాడుకుందాం" అన్నాడు.

"అవు."

ఆ కోతల్లోనే మిషన్ మీద కొత్త డ్రైవరు కూచున్నాడు. కోత కోస్తే రోడ్డు దాకా వినిపించే ఆ చప్పుడు ఇంటి మీదుగా పోతుంటే మగ్దలేనమ్మ హనుమండ్లును తిట్టిపోసింది. ప్రేమ్‌చంద్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. కోపం రాలేదు. నిజానికి ఏదీ రాలేదు. ఆకలి కూడా, అన్నం ముందర పెడితేనే గుర్తొచ్చేది.

మహిమ అంగన్‌వాడీ టీచరు. పొద్దంతా పిల్లలతో గడిపి ఇంటికొచ్చేసరికి అతను పొద్దున వదిలిపోయిన చోటే ఉండేవాడు. ఒక సాయంత్రం చూస్తే అతని కుడి చెయ్యి దుప్పటి మీద కదులుతోంది. ముందుకు తోస్తోంది, వెనక్కి లాగుతోంది, వేళ్లు దేన్నో పట్టుకుని తిప్పుతున్నాయి.

"చెయ్యితోని ఏం జేస్తున్నవయ్యా?"

అతను చెయ్యి చూసుకుని ఆపేశాడు. "ఏం లేదు."

మహిమకు ఆ చెయ్యి మనసులోంచి పోలేదు. మంచిర్యాలలో ఉండే చిన్నమ్మ కొడుకుకు చెబితే, తన దగ్గర వాడకుండా మూలకున్న ఆట పెట్టె ఒకటి ఉంది, టీవీకి పెట్టి ఆడుకోవచ్చు, ఇస్తానన్నాడు. వ్యవసాయం ఆట ఒకటుందని, అందులో ట్రాక్టర్లు, కోత మిషన్లు అచ్చంగా నిజమైనవాటిలాగే నడుస్తాయని కూడా అన్నాడు. ఆ ఆట డిస్కు మాత్రం కొత్తది కొనాలి. మహిమ కరీంనగర్ పోయి కొనుక్కొచ్చింది. ఆమె నెల జీతంలో మూడో వంతు దానికే పోయింది. అట్ట మీద పచ్చటి పొలం, ఎర్రటి మిషన్, వెనకాల సూర్యుడు.

ప్రేమ్‌చంద్ మొదట ముట్టుకోలేదు. ఓ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు పెట్టి చూసుకున్నాడు. మహిమ వచ్చేసరికి టీవీలో గోధుమ చేను సగం కోసి ఉంది. అంచులు గీత గీసినట్టున్నాయి.

మగ్దలేనమ్మ కొడుకు పక్కన స్టూలు వేసుకుని చాలాసేపు చూసింది.

"ఎవ్వలది రా గా పొలం?"

"ఎవ్వలది కాదవ్వా. ఆట."

"మనిషే లేడేంది? కలుపు తీసేటోళ్లు, మూటలు మోసేటోళ్లు ఏరి?"

"గిండ్ల ఉండరు."

"మనుషులు లేకుంటె పంటెట్ల పండుతది?" అంటూ లేచిపోయింది.

అతను ఆడుతూ పోయాడు. గోధుమ, మక్క, ఇంకా పేరు తెలియని దేశాల పంటలు. సంతోషమేమీ లేదు. పొద్దు గడిచేది, అంతే. చెవులకు పెట్టుకునే ఫోన్లు కొనుక్కున్నాక, తనతో పాటు ఆడే ఎక్కడెక్కడి వాళ్ల మాటలో, కేకలో వినిపించేవి. చాలావరకు అర్థంకాని భాషలు. ఒకసారి ఎవరిదో ట్రాక్టర్ కాల్వలో పడితే, "అరె తీ, గీ బండికేమైందిర బై!" అని వినిపించింది.

"ఏ ఊరు తమ్మీ?" అన్నాడు ప్రేమ్‌చంద్. చాలా రోజుల తర్వాత తనంతట తాను ఒకరిని పలకరించడం అదే.

అవతలివాడి పేరు అవేజ్. భైంసాలో పత్తి జిన్నింగ్ మిల్లులో మిషన్ మీద పని. పత్తి వచ్చే నెలల్లో తిండికి కూడా తీరిక ఉండదు, మిగతా రోజులు ఖాళీ. ఇద్దరూ కలిసి ఆ ఆటలో ఒక పొలం చేశారు. అవేజ్ దున్నేవాడు, ప్రేమ్‌చంద్ కోసేవాడు. కాలు సంగతి అవేజ్‌కు చెప్పలేదు. చెప్పాల్సిన పనీ పడలేదు.

విత్తనాల దుకాణంలో అన్ని పంటల చివర వరి బొమ్మ ఉండేది. దాని మీద చిన్న తాళం. కొన్ని పంటలు తీస్తే అదే తెరుచుకుంటుందని ప్రేమ్‌చంద్ అనుకున్నాడు. ఇన్నాళ్లూ ఆ వరి కోసమే గోధుమ కోస్తున్నాడన్నమాట. మిగతా పంటలన్నీ తీశాక పోయి తాళం మీద నొక్కాడు. తాళం తెరుచుకోలేదు. ధర కనిపించింది. ఆటలో సంపాదించిన డబ్బు కాదు, బ్యాంకు డబ్బు.

వంటింట్లో ఉన్న మహిమకు అరుపు వినిపించింది.

"డిస్కు పైసలు మొత్తం కట్టినం గదా! మల్లేంది? వరికి వేరేనా? పొలం అమ్మి, వరి వేస్తే వేరే అంటరా లంగలు!"

రిమోట్ మంచం మీద కొట్టాడు. మెడ నరాలు ఉబ్బాయి. మగ్దలేనమ్మ భయపడి "ఏమైందిరా, ఏమైందిరా" అంటూ వచ్చింది. మహిమ మాత్రం గడపలో చేతిలో గరిటెతో నిలబడిపోయింది. ఎన్నాళ్లయిందో ఆ గొంతు విని. పొలాల్లో మిషన్ చప్పుడు మీంచి రైతులను కేకలేసే గొంతు అది. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మొగుడు కోపంతో ఊగిపోతుంటే ఆమెకు సంబరమైంది.

"కొనుక్కో. వరే గదా, కొనుక్కో" అంది.

అక్కడే తప్పు జరిగిందేమోనని తర్వాత చాలాసార్లు అనుకుందామె.

వరి కొన్నాడు. నాటాడు. అది పెరగడానికి ఆటలో మిగతా పంటల కంటే చాలా ఎక్కువ రోజులు పట్టేలా పెట్టారు. తొందరగా పెరగాలంటే బంగారు నాణేలు, నాణేలకు మళ్లీ డబ్బు. బురదలో దిగే చైన్ల మిషన్ మళ్లీ వేరే కొనాలి. అవేజ్‌కు పత్తిదీ అదే కథ. టీవీలో చూపించిన ప్రచారంలో తెల్లటి పత్తి చేను ఉందట, లోపలికొస్తే దానికీ తాళం.

"ఇంటి కిరాయి కట్టినంక వంటరూముకు తలుపు పెడుతం, దానికి వేరే అన్నట్టున్నదన్నా" అనేవాడు అవేజ్. కంపెనీకి ఫిర్యాదు రాశాడు. మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది అని జవాబొచ్చింది. దాని కిందే కొత్త ట్రాక్టర్ బొమ్మ, పండుగ తగ్గింపు.

మొదటిసారి వచ్చిన కోపం ప్రేమ్‌చంద్‌కు రెండోసారి సగమే వచ్చింది. మూడోసారి నిట్టూర్చాడు. తర్వాత అదీ లేదు. ఆట ఎక్కడ ఆగితే అక్కడ నొక్కేవాడు. మహిమ ఫోనుకు బ్యాంకు మెసేజీలు వచ్చేవి. చిన్న చిన్న మొత్తాలే. ఓ రోజు పక్కన కూచుని అడిగింది.

"వరికి అడిగిననాడు గంత గరమైతివి. గిప్పుడు ఊకనే కడుతున్నవేందయ్యా?"

అతను కాసేపు ఆలోచించాడు. నిజంగానే జవాబు వెతికినట్టున్నాడు.

"ఏమో మహిమా. ఒత్తుమంటది, ఒత్తుతున్న."

 అతను అరిచిన రోజు కలగని భయం ఆమెకు ఆ మాటతో కలిగింది. మళ్లీ మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న మనిషే కనిపించాడు, కాకపోతే కూచుని ఉన్నాడు, చేతిలో రిమోట్ ఉంది.

వానాకాలం నాట్ల సమయంలో అతనికి కృత్రిమ కాలు వచ్చింది. తొడుక్కుని వాకిట్లో తిరిగేవాడు. ఒరుసుకుని పుండైతే నాలుగు రోజులు తీసేసేవాడు. మళ్లీ తొడుక్కునేవాడు. ఆట మాత్రం ఆపలేదు.

ఓ సాయంత్రం అవేజ్ గొంతు మామూలుగా లేదు.

"అన్నా, సూశినవా? గీ ఆటది కొత్తది వస్తున్నదంట. మల్ల డిస్కు కొనాలె."

"కొనకుంటె?"

"గిది బందైతదంట కొన్ని దినాలకు. ఇంకో మాట ఇను. మనం కొన్న వరి, పత్తి, నీ మిషన్, ఏదీ అండ్లకు రాదంట. మల్ల మొదటికెల్లి కొనుడే." అవేజ్ ఉర్దూలో నాలుగు బూతులు తిట్టాడు. ఇంట్లో ఎవరో అతన్ని గదమాయించడం వినిపించింది. "అన్నా? ఉన్నవా?"

"ఉన్న."

"నీకు గుస్సా వస్తలేదా?"

"రావాలె." ప్రేమ్‌చంద్ తన వరి పొలం వైపు చూస్తున్నాడు. తెరమీద కంకులు వంగి, కోతకొచ్చి ఉన్నాయి. "వస్తలేదు తమ్మీ."



"మరి కొందామా కొత్తది?" అన్నాడు అవేజ్.

"వద్దు. నాకు యాష్టకొచ్చింది, ఇగ సాలు."

అది కోపంతో అన్న మాట కాదు. నీళ్లు కావాలా అంటే వద్దన్నట్టు అన్నాడు. కోతకొచ్చిన పొలాన్ని అట్లాగే వదిలేసి టీవీ కట్టేశాడు. కట్టేసే ముందు, మొదటిసారిగా అవేజ్‌కు తన ఫోన్ నంబరిచ్చాడు.

డిస్కు అమ్మేద్దామని తానే కరీంనగర్ పోయాడు. కాలు పోయాక ఒంటరిగా బస్సెక్కడం అదే మొదలు. దుకాణంలో కుర్చీ ఇచ్చారు. దుకాణదారు డిస్కును వెలుతురుకు పెట్టి చూసి, పాత డిస్కుకిచ్చే రేటు చెప్పాడు.

"నేను అండ్ల ఇంకా చాన కొన్న. వరి, మిషన్లు. గవిటికేమన్న ఇస్తరా?"

"గవి డిస్కుల ఉండవన్నా. నీ ఖాతాల ఉంటయి. దీన్ని కొన్నోనికి రావు."

"గట్లయితె ఎవ్వలియి అవి?"

"నీయే."

"నాకిస్తరా మరి?"

దుకాణదారు నవ్వాడు. ప్రేమ్‌చంద్ పరాచికానికి అడగలేదని గ్రహించి నవ్వు ఆపాడు. "లేదన్నా. చేతికేం రావు."

ప్రేమ్‌చంద్ తలూపి, ఇచ్చింది తీసుకుని బయటికొచ్చాడు. బస్‌స్టాండ్‌లో చాయ్ తాగాడు. ఇంటికొచ్చి జరిగింది చెబితే మగ్దలేనమ్మ శాపనార్థాలు పెట్టింది. అతను కాలు విప్పి గోడకు ఆనించి, పుండు చూసుకుంటూ కూచున్నాడు.

మర్నాడు మహిమ ఎవరికీ చెప్పకుండా హనుమండ్లు ఇంటికి పోయింది. ఏం మాట్లాడిందో ఆమె చెప్పలేదు. కోతల ముందు హనుమండ్లు వచ్చాడు. ఈసారి పండ్లు తేలేదు. గుమ్మంలోనే నిలబడి మాట్లాడాడు.

"రెండు మిషన్లైనయి ప్రేమూ. ఎవ్వలి పొలం ముందు, ఎవ్వలిది ఎనక, నాకు ఫోన్లు ఎత్తుడే పనైంది. నువ్వైతె రైతులందరు తెలుసు. పొలాల కాడికి వచ్చి చూసుకుంటవా? నడుపుమంట లేను."

ప్రేమ్‌చంద్ వెంటనే ఒప్పుకోలేదు. కాదనీ అనలేదు. "చూస్త" అన్నాడు. రెండో రోజు హనుమండ్లు బండి పంపితే ఎక్కి కూచున్నాడు.

ఇప్పుడు రెండు పంటలుగా ఆ పని చేస్తున్నాడు. ఎవరి పొలం ఆరింది, ఏ దారిన మిషన్ పోతుంది, వాన మబ్బు ఎటునుంచి వస్తోంది, ఇవన్నీ అతనే చూసుకుంటాడు. మిషన్ మీదికి ఎక్కలేదు. కొత్త డ్రైవరు ఒకసారి "ఎక్కన్నా, జర సేపు నడుపు" అంటే వద్దన్నాడు. బాధపడ్డట్టు కనిపించలేదు. సంతోషపడుతున్నట్టూ కనిపించడు. ఇల్లు చేరాక అన్నం తనే వడ్డించుకుంటాడు. మహిమ దాన్నే పెద్ద సంగతిగా చూస్తోంది. చర్చిలో ఆడవాళ్లు అడిగితే, "కొంచెం నయం" అని ఊరుకుంటుంది.

అవేజ్ అప్పుడప్పుడు ఫోన్ చేస్తాడు. అతను కొత్త ఆట కొన్నాడు. అందులోనూ పత్తికి తాళమే ఉందని చెప్పి తిడతాడు. నువ్వు లేక కోసేవాడు లేడన్నా అంటాడు. పోయిన కోతల్లో ఒకరోజు అట్లాగే చేసినప్పుడు ప్రేమ్‌చంద్ గట్టు మీద ఉన్నాడు.

"ఏం చప్పుడన్నా అది? మల్ల ఆడుతున్నవా?"

"లే. మిషన్. వరి కోస్తున్నరు."

"అస్లీదా?" అన్నాడు అవేజ్. "నువ్వు నడిపేటోనివా అన్నా ఇంతకు ముందు?"

"అవు. కాలు పోయింది. గందుకే ఇంట్ల ఉంటుంటి."

అవతల అవేజ్ "అరె" అన్నాడు. మళ్లీ "అరె అన్నా" అన్నాడు. ప్రేమ్‌చంద్ ఫోన్‌ను మరో చెవికి మార్చుకున్నాడు. గాలికి పొట్టు లేచి ముఖాన పడుతోంది. గట్టు అవతలి నుంచి ఒక రైతు, తన పొలానికి మిషన్ ఎప్పుడొస్తుందని చెయ్యెత్తి అడుగుతున్నాడు.

"మల్ల మాట్లాడుత తమ్మీ, పిలుస్తుండ్రు" అని ప్రేమ్‌చంద్ ఫోన్ జేబులో పెట్టుకుని, గట్టు మెత్తగా ఉన్నచోట కర్ర ఆనించి చూసుకుంటూ అటు నడిచాడు.