సున్నం తూచి కొన్న రేడియేటర్

జాగీర్లు రద్దయిన కొత్తలో పట్నంలోని పెద్ద ఇళ్లలో సామాను అమ్మకానికి పెడుతున్నారని విని, కొట్టుకు ఒక టేకు బీరువా తెద్దామని బయలుదేరాను. బీరువా బేరం తెగలేదు. కారు బేరం తెగింది. తాండూరులో కందిపప్పు అమ్ముకునే ఇంట్లో పుట్టినవాణ్ని, ఎదుటివాడు చెప్పిన ధరలో సగం దగ్గర మొదలుపెట్టడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన విద్య. కారు అమ్మిన జాగీర్దారుకు బేరమాడటం రాదు. నేను సగం అనగానే సరేనన్నాడు. ఇంకా తక్కువ అడగనందుకు ఇంటికి వచ్చేదాకా నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

అది పొడుగు ముక్కు విలాయతి కారు. గుడ్డ టాపు, నలుగురు కూర్చునే చోటు. ఇంజన్ పక్కన గాలిని కుదించి లోపలికి తోసే పంపు ఒకటి ఉండేది. చదును రోడ్డు మీద కాలు అదిమితే పిండి గిర్నిలా కూసి ఎగిరిపోయేది. దాన్ని పదేళ్లు నడిపిన డ్రైవరు, కొలువు పోయాక వికారాబాద్ స్టేషన్ దగ్గర రేకుల షెడ్డు వేసుకుని మోటార్లు బాగుచేసేవాడు. అందరూ ఆయన్ను ఉస్తాద్ అనేవారు.

మా నాయినను మొదటిసారి అనంతగిరి గుట్ట ఎక్కించబోయిన రోజు కారు మూడుచోట్ల నిలబడింది. ఇంజన్ కటకటా కొట్టుకుంది, నీళ్లు మరిగి పొగలు లేచాయి. చివరికి గొర్రెల కాపరులు నలుగురు వెనక నుంచి తోశారు. నాయిన వాళ్ల పక్కనే నడుస్తూ నాకు వినబడేటట్టు అన్నాడు. “ఎడ్లబండే నయ్యం. ఎడ్లకు గడ్డేస్తె సాలు. దీనికి గడ్డీ గావాలె, తోసేటోళ్లూ గావాలె.”

మరునాడే పాత ఇనుము కొనేవాడికి కబురంపాడు. వాడు కారును విప్పి ముక్కలుగా అమ్ముతాడట. నేను కాళ్లావేళ్లా పడ్డాను. ఇంకొక్కసారి గుట్ట ఎక్కిస్తానని, ఆగితే తీసుకెళ్లి ముక్కలు చేసుకోమని అన్నాను. అయితే ఎంతమందితో ఎక్కాలన్నది తేలాలి. గంజి బజారులో ధాన్యం బేరమాడినట్టే నాయిన తువ్వాలు నా చేతి మీద కప్పి, దాని కింద వేలికొక మనిషి లెక్కన ఐదు వేళ్లు పట్టుకున్నాడు. నేను ఆయనవి రెండు పట్టుకున్నాను. చాలాసేపు నొక్కుకున్నాక డ్రైవరు కాక ముగ్గురికి దిగాడు. గెలిచానని మురిసిపోయి తువ్వాలు తీశాను. అప్పుడు నోటితో చెప్పాడు: మిట్టమధ్యాహ్నం, ఈ ఎండల్లోనే, మూడోవాడు మా మేనమామ. మా మామ ఎక్కితే తక్కెడ కిరకిరమనేది. వేళ్ల మీద గెలిచి ఎండలో ఓడిపోయాను.

ఉస్తాద్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన సైకిలు పంపు ఒకటి తెచ్చి, మూతి వేలితో మూసి, నాలుగుసార్లు కొట్టి అడుగుభాగం నా చేతికిచ్చాడు. చుర్రుమంది.

“గాలిని పిసికితె గిట్లనే వేడెక్కుతది, సేటు. మన పంపు గా వేడిగాలినే ఇంజన్‌కు తినిపిస్తున్నది. గందుకే కొట్టుకుంటున్నది.”

పంపుకూ ఇంజన్‌కూ మధ్య రెక్కల పెట్టె ఒకటి ఉంది. ఆ గాలిని చల్లార్చేది అదే. కానీ దానికి ఎదురుగాలి తగిలితేనే చల్లబడుతుంది. గుట్ట మీద కారు నెమ్మదిస్తే గాలి ఎక్కడిది? ఆ పెట్టె చుట్టూ ఇత్తడి తొడుగు వేసి లోపల నీళ్లు తిప్పాలని, ఆ నీళ్లు చల్లారడానికి ముందు భాగంలో వేరే రేడియేటర్ బిగించాలని ఉస్తాద్ ఆలోచన. తొడుగు ఆయన కంచరితో చేయిస్తాడు, నీళ్లు తోయడానికి బెల్టుతో తిరిగే చిన్న పంపు ఆయన దగ్గరే ఉంది. రేడియేటర్ తెచ్చే పని నాది.

తాండూరులో పాత ఇనుము వాడి దగ్గర మిలటరీ లారీలవి నాలుగు పడి ఉన్నాయి. ఇత్తడి బరువు మీద అమ్ముతానన్నాడు. ఒక పూటంతా కూర్చుని, వెళ్లిపోతున్నట్టు రెండుసార్లు లేచి, ధర విరగ్గొట్టాను. తరువాత నాలుగింటినీ ఎత్తి చూసి అన్నిటికంటే బరువైనదాన్ని ఏరుకున్నాను. బరువుంటే సరుకుంటుంది కదా. మా కొట్టులో నేర్చుకున్నది అదే.

ఉస్తాద్ దాన్ని నిలబెట్టి పైన చెంబెడు నీళ్లు పోశాడు. కింద ఒక చుక్క, ఆగి ఇంకో చుక్క పడింది. ఆయన నవ్వలేదు, అదే నాకు ఎక్కువ సిగ్గనిపించింది.

“సేటు, నువ్వు సున్నం కొన్నవ్. ఇత్తడి కొసరు కింద ఊకె ఇచ్చిండు.”

మా ఊరు సున్నపు బండల మీద ఉంది. బావి నీళ్లు కాచిన గిన్నెలకు తెల్లటి పెచ్చు కడుతుందని పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాను. అలాంటి నీళ్లే ఏళ్ల తరబడి తాగిన రేడియేటర్ ఎందుకు బరువెక్కిందో ఒక్క నిమిషం ఆలోచించలేదు. మార్చుకుందామని పోతే మిగతా మూడూ అమ్ముడుపోయాయి.

మా కొట్టులో అమ్ముడుపోక నల్లబడ్డ చింతపండు ఒక బుట్టెడుంది. ఇత్తడి బిందెలు తోమడానికి పనికొచ్చేది దీనికెందుకు పనికిరాదని అడిగాను. ఉస్తాద్ తెమ్మన్నాడు. చిక్కగా పులుసు కాచి పోశాం. లోపల బుసబుసమంది. రెండు రోజులు పోస్తూ, ఒంపుతూ, మళ్లీ పోస్తూనే ఉన్నాం. మూడోనాడు పైన పోసిన చెంబెడు నీళ్లు కింద ధారగా పడ్డాయి. ఎత్తి చూస్తే రేడియేటర్ సగం బరువుంది. ఈసారి నింపడానికి బాగా మరిగించి తేర్చిన నీళ్లు తెప్పించాడు ఉస్తాద్.

అనుకున్న రోజు మధ్యాహ్నం గుట్ట కింద మామ వెనక సీటు నిండా కూర్చున్నాడు. మిగిలిన జానెడు చోటు నాది. నాయిన ముందు సీటులో, ఉస్తాద్ స్టీరింగ్ దగ్గర. రోడ్డు వైపు చూస్తే ఎండకు కళ్లు చీకట్లు కమ్ముతున్నాయి.

మొదటి రెండు మలుపులు తిరిగాం. ఇదివరకు మొదట నిలబడిన చోటు దాటాం. నేను ఊపిరి వదిలేలోపే ముందు ఒక లారీ అడ్డం వచ్చింది. నిండా షాబాదు బండలు. పక్కకు దాటడానికి దారి లేదు. మనిషి నడక కంటే నెమ్మదిగా దాని దుమ్ము తింటూ వెనకే పాకాం. ఎదురుగాలి పేరుకైనా లేదు. నాయిన మెడ ముందుకు చాచి ఇంజన్ చప్పుడే వింటున్నాడు. నేనూ వింటున్నాను. కటకట లేదు. మరో మలుపు. లేదు. ఇంకో మలుపు దగ్గర లారీయే బుస్సుమని పక్కకు ఒరిగి ఆగిపోయింది. దాని డ్రైవరు దిగి నీళ్ల డబ్బా వెతుకుతున్నాడు.

“హారన్ కొట్టు,” అన్నాడు నాయిన.

ఉస్తాద్ కొట్టాడు, కాలు అదిమాడు. మా నలుగురినీ మోసుకుని కారు కూతపెట్టి ఎగిరింది. మామ నా మీద పడ్డాడు, అయినా నాకు నొప్పి తెలియలేదు. పైదాకా ఎక్కడా ఆగలేదు.

పైకి చేరాక నాయిన దిగి బానెట్ ఎత్తించాడు. పెట్టెకు ముందున్న గొట్టం మీద చెయ్యి పెట్టి చటుక్కున తీసేశాడు. పెట్టె దాటాక ఉన్న గొట్టాన్ని పట్టుకున్నాడు. పట్టుకునే ఉన్నాడు.

“లోపట నీళ్లేనా?”

“నీళ్లే, సేట్‌జీ.”

“గంతేనా?”

“గంతే.”

నాయిన బానెట్ దింపించాడు. ఇనుము వాడికి ఏం చెప్పాలని నేనే అడిగాను. కారు మనదే, వాణ్ని రావద్దనమన్నాడు. ఆయన నోట మనది అన్న మాట అదే మొదటిసారి.

సాయంత్రానికి తాండూరు చేరాం. ఇంటి దారి పట్టబోతుంటే నాయిన టాపు మడిపించి, గంజిలోంచి, మా పోటీ కొట్ల ముందు నుంచి పోనియ్యమన్నాడు. జర మెల్లగ, అని కూడా అన్నాడు. మెల్లగ పోతే వేడెక్కుతుందని చెప్పబోయాడు ఉస్తాద్.

“ఎక్కనియ్. సల్లార్సేటిది ఉన్నది గద.”

మూడుసార్లు చుట్టాం. మూడో చుట్టులో ఆకలవుతోంది, దించమన్నాడు మామ. కారు నిండుగా ఉంటేనే బాగుంటుందని నాయిన దించలేదు.