బోర్డు కింది సగం

ఈరోజు శనివారం. టైలర్ ఓబులేసు నిన్న ఉదయం పోయాడు. రేపు మూడో రోజు కార్యం. ఆ లోపల నేను చెప్పవలసిన మాట ఒకటి ఉంది. అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

నిన్న ఏడున్నరకు పాల కోసం బస్టాండుకు వెళ్లాను. అక్కడ ఓబులేసు షాపు షట్టర్ దించి ఉంది. టీ కొట్టు రమణ గ్లాసులు కడుగుతూ, "ఓబులేసన్న పోయినాడు టీచరమ్మా. పొద్దున్నే గుండె పట్టేసిందంట" అన్నాడు.

తిరిగి ఇంటికి నడిచి వచ్చాను. పాలు తీసుకోలేదని వచ్చాక తెలిసింది.

మన ఊరి ఈ వాట్సాప్ గ్రూపులో బెంగళూరులో, హైదరాబాదులో పుట్టి పెరిగిన పిల్లలూ ఉన్నారు. వాళ్ల కోసం కొంచెం చెబుతాను.

మా ఊరు గార్లదిన్నెకు దగ్గర. ఓబులేసు షాపు ముందు ఒక నల్లబోర్డు ఉంటుంది. మా స్కూల్లో పక్కన పడేసినది, తొమ్మిదేళ్ల కింద నేనే ఇప్పించాను. దాని మధ్యలో అతను ఒక గీత గీశాడు.

పై సగం అతనిది. రోజూ ఒక మాట రాసేవాడు. కింది సగం ఊరిది. ఎవరైనా జవాబు రాయవచ్చు.

రెండే రూల్స్. జవాబు కింద పేరు ఉండాలి. మర్నాడు ఉదయం ఓబులేసు వచ్చేదాకా ఎవరూ రుద్దకూడదు.

ఒకసారి ఇలా రాశాడు: "రీల్ చూపించి అట్లాంటి జాకెట్టు కుట్టమంటారు. మోడల్ ఫోన్లో ఉండాది. కొలత ఈడ ఉండాది. నేనేం జేసేది తల్లీ?"

నేను కింద రాశాను: "కొలత తప్పు కాదు. కత్తెర తప్పు. సరోజమ్మ, రిటైర్డ్ సోషల్ టీచర్."

ఆ రోజంతా వచ్చిన ప్రతి కస్టమర్‌కూ అతనే చదివి వినిపించి నవ్వాడు. తొమ్మిదేళ్లలో నేను నలభై ఏడు జవాబులు రాశాను. ఓడిపోయానని అతను ఒప్పుకున్నది మూడుసార్లే. అందులో ఇదొకటి.

ఎన్నికలు వస్తే రెండు పార్టీల కండువాలూ తన మిషన్ మీదే కుట్టేవాడు. అప్పుడు రాసినది నాకు బాగా గుర్తు.

"రెండిటికీ అంచు నేనే కుట్టినా. ఏదీ అంత సులభంగా పిగిలిపోదు. మెడలే మారతాండాయి."

ఇద్దరు నాయకులూ ఆ బోర్డుకు ఫోటో తీసుకుని, అవతలివాళ్ల గురించే రాశాడని స్టేటస్ పెట్టుకున్నారు.

ఇక అసలు మాట.

మా తమ్ముడి కొడుకు సీన మా ఊరి సర్పంచ్. పోయినసారి వాడు రెండోమారు నిలబడినప్పుడు ఓబులేసు ఇలా రాశాడు:

"నీళ్ల ట్యాంకుకు మూడుసార్లు రిబ్బన్ కత్తిరించినారు. మూడు రిబ్బన్లూ నేనే కుట్టిచ్చినా. నీళ్లు మాత్రం ఇంగా రాలే."

ట్యాంకు కట్టించింది సీన. మాట అబద్ధం కాదు. కానీ ఓటింగ్ నాలుగు రోజుల్లో ఉంది. అప్పటిదాకా ఆ మాట చెరపనని అతను అందరికీ చెప్పాడు.

మర్నాడు ఇంకా ఎవరూ రాకముందే వెళ్లి తడిగుడ్డతో రుద్దేశాను.

వెనక్కి తిరిగితే ఓబులేసు. చేతిలో తాళంచెవి.

"ఏమక్కా, పేరు రాయకుండానే జవాబిచ్చినావే" అన్నాడు. అంతే.

ఆ రోజు బోర్డు ఖాళీగానే ఉంచాడు. ఎవరు రుద్దారని అందరూ అడిగారు. "నాకు తెలుసులేప్పా. వాళ్లే చెప్పుకుంటారు" అన్నాడట.

నేను చెప్పుకోలేదు.

ముప్పై ఒక్క ఏళ్లు పిల్లలకు వాక్ స్వాతంత్ర్యం గురించి పాఠం చెప్పాను. జవాబు సరిగ్గా రాయలేదని మార్కులు కోశాను.

అతను మళ్లీ ఆ ఊసు ఎత్తలేదు. నాకు జాకెట్లు కుట్టిచ్చాడు, నాతో వాదించాడు. నాతో మాట మానేసి ఉన్నా బాగుండేది.

ఈ ఉదయం షాపుకు రెండు ఫ్లెక్సీలు కట్టారు, పార్టీకి ఒకటి. ఒకదానిలో ఓబులేసు "మా వీరాభిమాని". రెండోదానిలో "మా నిజమైన కార్యకర్త". నాయకుల ముఖాలు బానల్లా ఉన్నాయి. ఇతని ముఖం పోస్టల్ స్టాంపంత.

సీన పార్టీ ఫ్లెక్సీ సరిగ్గా బోర్డు మీదే ఉంది.

ఓబులేసు భార్య రంగమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కండువాలు కుట్టినాడే గానీ ఒక్కటన్నా మెడలో ఏసుకున్యాడా అక్కా ఆయప్ప? రేపు జనం వస్తారు. ఇవి చూసి ఇదే నిజమనుకోని పోతారు" అంది.

సీనకు ఫోన్ చేశాను.

"ఎదుటోళ్లు కట్టినారు కదత్తా. మనం కట్టకుంటే ఎట్ల?"

"బోర్డు మీదనే ఎందుకు కట్టినావురా?"

"ఆడ మేకు ఉండాది."

తిట్టబోయి ఆగాను. ఆ బోర్డు నోరు మొదట మూసినదాన్ని నేను.

కాబట్టి అందరూ చదువుకోండి. ఆ రోజు బోర్డు రుద్దింది నేను. సరోజమ్మ. ఇంకెవరికీ సంబంధం లేదు. ఓబులేసు బతికుండగా ఒప్పుకోనందుకు సిగ్గుపడుతున్నాను.

ఇక జరగవలసినవి:

1. సీనా, రేపు ఉదయం ఏడు లోపల నీ ఫ్లెక్సీ నువ్వే వచ్చి విప్పాలి. మనుషులను పంపవద్దు. అవతలివాళ్లతో మాట్లాడాను, నీది విప్పగానే తమది విప్పుతామన్నారు. ముందు విప్పితే నీకేమీ తక్కువ కాదు.

2. కార్యానికి కండువాలతో ఎవరూ రావద్దు.

3. షాపులో కుట్టవలసిన బట్టలు పద్నాలుగు మిగిలాయి. ప్రతిదానికీ పేరు చీటీ ఉంది. నెల తిరిగేదాకా రంగమ్మను తొందర పెట్టవద్దు.

4. ట్యాంకు మాట పై సగంలో మళ్లీ నా చేత్తో రాస్తాను. నీళ్లు ఇంకా రాలేదు కనుక ఒక్క అక్షరం మార్చే పని లేదు. కింది సగం సీనది. నీళ్లు ఏ రోజు వస్తాయో రాసి, పేరు పెట్టాలి. అత్తనని మొహమాటపడను.

5. ఓబులేసూ, ఇది నీకు. మిషన్ మీద వంగి వంగి నీ నడుము అరిగిపోయింది. ఇక వెల్లకిలా, హాయిగా పడుకో నాయనా.