చెవి అచ్చు, పాడి గేదె

కోటప్పకొండ తిరునాళ్లలో మా ఊరి వాళ్లు రంగుల లైట్లతో ఎత్తుగా కట్టి తెచ్చే విద్యుత్ ప్రభ ముందు, స్టేజీ మీద ఏటా నేనే పాడతాను. పక్కనే ఇంకో ఊరి ప్రభ, దాని అవతల మరొకటి. ఎవరి మైకు గట్టిగా మోగితే ఆ ఊరే గొప్ప. ఆ మోతలో నా పాట నాకే వినపడదు. పోయిన సంవత్సరం అలాగే నా శ్రుతి వదిలేసి పక్క ప్రభ వాళ్ల శ్రుతిలోకి జారిపోయాను. జనం ఈలలు వేశారు. సిగ్గుతో చచ్చిపోయాను. ఇంకోసారి ఇలా జరిగితే మళ్లీ స్టేజీ ఎక్కనని దిగుతూనే ఒట్టు పెట్టుకున్నాను.

చెవికి అచ్చు తీసి చేయించుకునే ఇయర్‌ఫోన్లుంటే బయటి మోత ఆగి మైకులోంచి మన గొంతు మనకు వినపడుతుందని ఆర్కెస్ట్రా వాళ్లు చెప్పారు. ఆ ధర నాకే మరీ ఎక్కువనిపించింది. ఇక మా బాబాయి సంగతి చెప్పాలా? ఆయన మా నాన్న తమ్ముడు, ప్రభ కమిటీకి పెద్ద.

"ఏందమ్మాయ్, చెవిలో దూర్చుకునే బిళ్లలకా అంత? ఆ డబ్బు పెడితే పాడి గేదె వస్తది. రెండు పూటలా పాలిస్తది. ఇదేమిస్తది?"

తిట్టాడే గానీ, అచ్చు తీయించడానికి గుంటూరుకు తనే కారులో తీసుకెళ్లాడు.

అచ్చు తీసే ఆయన దవడ కదలకుండా నా పళ్ల మధ్య ఒక రబ్బరు ముక్క పెట్టి, చెవిలోకి సిరంజితో మెత్తటి ముద్ద నింపాడు. "ఇది గట్టిపడేదాకా మాట్లాడొద్దమ్మా. దవడ కదిలితే చెవి లోపలి ఆకారం మారిపోతుంది" అన్నాడు.

ఎదురు కుర్చీలో బాబాయి. ఆయన నోరు ఊరుకుంటుందా?

"అమ్మాయ్, నొప్పిగా ఉందా?"

మా వైపు పెద్దవాళ్లు అడిగితే పలక్కపోవడాన్ని మించిన పొగరు లేదు. ముక్క నోట్లో ఉండగానే "లేదు బాబాయ్" అన్నాను. అచ్చు పాడైంది.

అచ్చు తీసే ఆయన ఓపిగ్గా మళ్లీ నింపాడు. ఈసారి బాబాయి ఫోన్లో ఎవరికో చెబుతున్నాడు: "మా అమ్మాయి పోయిన తిరునాళ్లకి చానా బాగా పాడిందిలే!"

"ఎందుకు బాబాయ్ అబద్ధాలు!" అనేశాను. అదీ పోయింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ రోజు మా ఇద్దరి నోళ్లూ మూతపడి ఉంటే చాలు, పని అయిపోయేది.

మూడోసారి ఆయన ఇంకో ముక్క తీసి, దండం పెట్టి మరీ బాబాయి నోట్లో పెట్టాడు. ఇద్దరం ఒకరినొకరు చూసుకుంటూ కూర్చున్నాం. నవ్వు ఆపుకోవడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు. బాబాయి ఎదురు చెప్పలేని అదను చూసి, ధర ఎందుకంత ఎక్కువో అచ్చు తీసే ఆయన అప్పుడు చెప్పాడు.

"ఇవి రాసులుగా పోసి అమ్మేవి కావండీ. ఈమె చెవికి తప్ప ఇంకెవరికీ పనికిరావు. లోపల గింజలంత స్పీకర్లుంటాయి, ఒక్కోటీ చేత్తో కూర్చాలి. వెంట్రుకంత సందున్నా బయటి మోత దూరుతుంది. సరిపోకపోతే వెనక్కి తీసుకుని మళ్లీ మేమే చెయ్యాలి."

బాబాయి ఏదో అనబోయాడు గానీ ముక్క అడ్డమొచ్చింది. ఈసారి అచ్చు సరిగ్గా కుదిరింది.

తిరునాళ్లు జరిగే శివరాత్రి రానే వచ్చింది. స్టేజీ ఎక్కి, నా చెవులకని చేసి పంపిన ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాను. పక్క ప్రభల మోత ఎక్కడో దూరానికి పోయింది. భయం మాత్రం పోలేదు. పల్లవి ఎత్తుకున్నాను. అన్నేళ్లలో మొదటిసారి ఆ స్టేజీ మీద నా గొంతు నాకు వినపడింది. ఆనందంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. పాట చివరిదాకా శ్రుతి ఎక్కడా తప్పలేదు.

కింద బాబాయి చేతులూపుతూ ఏదో అరుస్తున్నాడు. పెద్దాయన పిలుస్తుంటే పలక్కుండా పాడటం నా జన్మలో అదే మొదలు. పాట అయ్యాక ఒక చెవిది తీసి, వంగి అడిగాను.

"ఏందన్నావ్ బాబాయ్?"

"గేదె పాలిచ్చిందమ్మాయ్!"