గీత ఉన్నంత వరకే

కరోనా తగ్గిన మరుసటి ఏడాది. మానుకోటలో ఒక చిన్న ఆసుపత్రిలో ఆక్యుపేషనల్ థెరపిస్టుగా చేస్తున్నాను. జబ్బుపడి లేచినవాళ్లకు అన్నం కలుపుకోవడం, గుండీలు పెట్టుకోవడం మళ్లీ నేర్పే పని. నెల్లికుదురు వైపు నుంచి యాదగిరి సారు వచ్చారు. లెక్కల టీచరు. పక్షవాతం తర్వాత నడక కుదురుకుంది గానీ నెగ్లెక్ట్ మిగిలింది. అంటే కళ్లు బాగానే ఉంటాయి, మెదడు మాత్రం ఎడమవైపును పట్టించుకోదు. కంచంలో కుడివైపు అన్నం తినేసి, ఇంకా పెట్టమని భార్య సుగుణమ్మను అడిగేవారు.

ఆయనకు ఒకటే ఆరాటం. "ఇంట్ల కూసుంటే పిచ్చిలేస్తుంది మేడం. పిల్లల ముందల నిలవడితేనే మంచిగైత."

సుడోకు ఇష్టమంటే ఇచ్చాను. కుడి సగం నింపి అయిపోయిందన్నారు. అప్పుడు పాలిండ్రోమ్ సుడోకు వెతికి తెచ్చాను. మామూలు గడుల మీద ఒక గీత వంకర్లు తిరుగుతూ పోతుంది. దాని మీది అంకెలు ఏ కొస నుంచి చదివినా ఒకేలా రావాలి, అద్దంలో చూసినట్టు. గీత పట్టుకుని పోక తప్పదు కనుక ఆయన చూపు ఎడమకు వెళ్లింది. కొన్నాళ్లకు గడులన్నీ నిండాయి.

"గీ కొసకు రెండుంటే గా కొసకు గూడ రెండే. గింతేగద మేడం?"

"గంతే సార్. మీకు మంచిగైంది."

ఆ కాగితం తోటివాళ్లందరికీ చూపించి గొప్పలు పోయాను. బడికి పంపొచ్చని డాక్టరుగారితో నేనే అన్నాను. నా మాట మీద ఆయన సంతకం పెట్టారు. గీత లేని సుడోకు ఒక్కటి ఇచ్చి చూద్దామన్న ఆలోచనే నాకు రాలేదు.

వారం తిరక్కుండా సుగుణమ్మ ఫోన్ చేసింది. "క్లాసుల ఆడపిల్లలు ఎడమదిక్కు కూసుంటరు మేడం. వాళ్లు చెయ్యెత్తినా సారు చూస్తలేడట. సారుకు ఆడపిల్లలంటే పడదని తల్లులొచ్చి నిలదీసిన్రు. మీరు మంచిగైందంటిరి గద."

నాకు తల కొట్టేసినట్టయింది. మర్నాడే వాళ్లింటికి వెళ్లి, గీత ఉంటేనే ఆయన చూపు ఎడమకు పోతోందని, తరగతిలో ఎడమవైపు కూర్చున్న పిల్లలు ఆయనకు ఆనడం లేదని చెప్పాను. సారు నా వైపు తిరిగారు.

"ఆడపిల్లలు బడికి వస్తలేరనుకున్న మేడం. వస్తున్నరా?"

"వస్తున్నరు సార్."

నన్ను వెంటబెట్టుకుని బడికి వెళ్లారు. తరగతిలో నిలబడి, మెడ పూర్తిగా ఎడమకు తిప్పి, వాళ్లు కనిపించేదాకా ఆగారు. "తప్పు నాదేనమ్మా. మిమ్ముల నేను చూడలే" అన్నారు.

తప్పు నాది. గుమ్మంలో నిలబడి ఉన్నాను, ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇప్పుడు ఎవరినైనా పనికి పంపేముందు వాళ్లు పనిచేసే చోటికే వెళ్లి చూస్తాను. ఆ జాగ్రత్త నేర్చుకున్నాను గానీ, ఆ పిల్లల మనసులో మాత్రం తమ సారే తప్పు చేశాడని ఉండిపోయింది.