కుక్క పేర తగ్గిన బరువు

చిన్న విమానాశ్రయంలో తాతయ్య పని తూకం వేయడం. పెద్ద విమానాలు అక్కడికి రావు. కారు కొనుక్కున్నంత తేలిగ్గా విమానం కొనుక్కున్నవాళ్ళవి, నలుగురో ఆరుగురో పట్టేవి, రేకుల షెడ్లలో పడుకుని ఉంటాయి. బయల్దేరే ముందు ఎక్కే మనిషి, పెట్టె, సంచి, చివరికి గొడుగు కూడా తాతయ్య కాటా ఎక్కి దిగాల్సిందే. రన్‌వే పొట్టిది. దాని చివర ముళ్ళకంచె. మోయగలిగిన దానికంటే బరువెక్కితే కంచె దగ్గరికొచ్చినా విమానం నేలను వదలదు. అందుకే తాతయ్య రిజిస్టర్‌లో రాసిన అంకె చూశాకే ఎవరైనా ఇంజను తిప్పుతారు. ఇరవై ఎనిమిదేళ్ళలో ఒక్క తప్పుడు అంకె రాయలేదని ఆయనకు మహా గొప్ప. ఆ గొప్పను భోజనాల దగ్గర కూడా పక్కన పెట్టేవాడు కాదు. చేతిలో గరిటె ఎన్ని గ్రాములుంటుందో ప్రకటించి మరీ వడ్డించుకునేవాడు.

మనుషుల్ని తూయడంలో చిక్కేమీ లేదు. చిక్కంతా కుక్కలతోనే. ఇంట్లో వదిలితే ఏడుస్తాయని యజమానులు వాటినీ విమానం ఎక్కిస్తారు. వెనక సీట్లో పట్టీలు కట్టి, ఇంజను మోతకు బెదరకుండా చెవులకు మెత్తటి మూతలు పెట్టి కూర్చోబెడతారు. ఇంత షోకు చేయించుకున్న కుక్క కాటా మీద మాత్రం నిలబడదు. ముందుకాళ్ళు ఎక్కిస్తే వెనక్కాళ్ళు దిగుతాయి. దీనికి తాతయ్య ఒక ఉపాయం కనిపెట్టాడు. కుక్కను ఎత్తుకుని తానే కాటా ఎక్కుతాడు. వచ్చిన అంకెలోంచి తన బరువు తీసేస్తాడు. మిగిలింది కుక్క.

తన బరువు డెబ్బై రెండు. చేరిన కొత్తలో షెడ్డు గోడ మీద సుద్దతో రాసుకున్నాడు. పదేళ్ళపాటు ఎన్నిసార్లు చూసినా అదే రావడంతో ఆ తర్వాత చూసుకోవడమే మానేశాడు. నెలకోసారైనా చూసుకోమని మేనేజరు చెబితే, పూటకోసారి మారడానికి నేనేమన్నా తడిసిన దూదినా అని కొట్టిపారేశాడు.

అక్కడికి వచ్చేవాళ్ళలో ఒక పళ్ళ డాక్టరమ్మ ఉంది. తన విమానం తనే నడుపుతుంది. పదిహేను రోజులకోసారి ఎక్కడో దూరాన ఉన్న ఆస్పత్రికి వెళ్ళి, నలుగురి పళ్ళు పీకి సాయంత్రానికి తిరిగొస్తుంది. వెంట గోధుమరంగు కుక్క ఉండాల్సిందే. ఎత్తుకుంటే చేతుల్లోంచి అన్నివైపులకూ జారిపోతుంది కాబట్టి తాతయ్య దానికి బస్తా అని పేరు పెట్టాడు.

బస్తా మొదట్లో ముప్పై నాలుగు కిలోలుండేది. ఎండలు మొదలయ్యేసరికి ముప్పై రెండయింది. ఆ తర్వాత ఇరవై తొమ్మిది. డాక్టరమ్మ హడలిపోయి రోజూ గుడ్లు పెట్టింది, మాంసం ఉడకబెట్టి ముద్దలు చేసి తినిపించింది. కుక్క నిగనిగలాడింది. పొట్ట నేలకు దగ్గరైంది. కాటా మీద మాత్రం తగ్గుతూనే ఉంది.

తాతయ్యకు ఇంకో వింత ఎదురైంది. బస్తా తేలికయ్యేకొద్దీ ఎత్తడం కష్టమైపోతోంది. దించాక గోడ పట్టుకుని ఊపిరి తీసుకోవాల్సి వస్తోంది. వయసు కదా అనుకున్నాడు. ఆకలి చచ్చిపోయింది, ఎండలు కదా అనుకున్నాడు. బెల్టుకు మేకుతో రెండు కొత్త చిల్లులు పొడుచుకుని, ఈ కొత్త సబ్బు మంచిది కాదు, ప్యాంట్లు సాగిపోతున్నాయి అన్నాడు.

నానమ్మ ఆ మాట నమ్మే రకం కాదు. "మీ కాలర్‌లో ఇంకో మెడ పట్టేలా ఉంది. దాన్నీ సబ్బే సాగదీసిందా? ఒకసారి ఆస్పత్రికి వెళ్దాం పదండి" అంది.

"కాటా పక్కన కూర్చుని ఉద్యోగం చేసేవాణ్ణి. తగ్గితే నాకు తెలీదటే?" అన్నాడు తాతయ్య.

నానమ్మ సబ్బు మార్చింది. అంతకుమించి ఆవిడకు దారి దొరకలేదు.

ఆ శనివారం పొద్దున డాక్టరమ్మ తన అక్కనూ బావనూ వెంటబెట్టుకుని వచ్చింది. బావగారు లావుపాటి మనిషి. కాటా ఎక్కే ముందు బూట్లు, వాచీ, కళ్ళజోడు విప్పి పక్కన పెట్టాడు. అవన్నీ మళ్ళీ తొడుక్కునే విమానం ఎక్కుతారు కదా అని తాతయ్య వాటినీ కాటా మీద పెట్టించాడు. వాళ్ళు తెచ్చిన పెట్టెనూ తూచాడు. తర్వాత బస్తాను ఎత్తుకుని ఎక్కాడు. తొంభై ఎనిమిది. డెబ్బై రెండు పోతే ఇరవై ఆరు. అందర్నీ, అన్నిట్నీ కూడితే విమానం మోయగలిగిన దానికి ఇంకా నాలుగు కిలోలు తక్కువే. సంతకం పెట్టబోతుండగా డాక్టరమ్మ బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. నిన్న బస్తాను పశువుల డాక్టరుకు చూపించిందట.

"పెద్దాయనా, మీ కాటాకు చత్వారం వచ్చినట్టుంది. అక్కడ వీడు ముప్పై ఏడు తూగాడు. గుడ్లు ఆపమని నాకు చీవాట్లు పెట్టి పంపాడాయన."

తాతయ్య మొహం మాడిపోయింది. తనను ఏమన్నా పడతాడు గానీ కాటాను అంటే పడడు. లోపలికి వెళ్ళి తూకం రాళ్ళు తెచ్చాడు. ఇరవై కిలోల రాయి పెడితే ఇరవై చూపింది. ఇంకొకటి పెడితే నలభై. కాటాలో తప్పు లేదు. పశువుల డాక్టరు కాటాదే తప్పందామంటే బస్తా పొట్ట కళ్ళెదుటే వేలాడుతోంది. ఇక ఆ తీసివేతలో మిగిలింది ఒక్క అంకె. తాతయ్య తలెత్తి గోడవైపు చూశాడు.

ఇరవై ఆరును కొట్టేసి ముప్పై ఏడు రాసి, చెయ్యి జారిందంటే అక్కడితో అయిపోయేది. ఎవరూ అడిగేవాళ్ళు కాదు. తాతయ్య పెన్ను అంతవరకూ వెళ్ళింది కూడా. కానీ కిందటి నెల ఒక ఆరుగురి విమానంలో రెండు వేటకుక్కలు వెళ్ళాయి. రెంటినీ ఎత్తుకుని తూచింది తనే. ఆ రోజు చక్రాలు ముళ్ళకంచెను రాసుకుంటూ లేచాయి. పైలట్‌కు చేతకాదని తాతయ్య సాయంత్రం దాకా తిట్టాడు. ఒక్కో కుక్క దగ్గర ఎనిమిదో తొమ్మిదో తక్కువ రాసి ఉంటే, రెండు కుక్కలకు? ఆ విమానంలో ఒక చంటిపిల్ల కూడా ఉంది. దాన్ని తూచింది కూడా తనే.

పెన్ను పక్కన పెట్టి, తాతయ్య ఒక్కడే కాటా ఎక్కాడు. అరవై ఒకటి. దిగి మళ్ళీ ఎక్కాడు. అరవై ఒకటే.

"పదకొండు కిలోలా! ఏం తిని తగ్గారో మాకూ చెప్పండి" అన్నాడు బావగారు. భార్య మోచేత్తో పొడిచాక ఊరుకున్నాడు.

"డాక్టరమ్మా, మీ కుక్క తగ్గలేదు. తగ్గింది నేను. ఆ పెట్టె దించేయండి, మొత్తం మీద ఏడు కిలోలు ఎక్కువుంది" అన్నాడు తాతయ్య.

డాక్టరమ్మ పెట్టె సంగతి వినిపించుకోలేదు. ఎన్నాళ్ళ నుంచి ఇలా అని అడిగింది. తాతయ్య తనే పెట్టె దించి, అంకె దిద్ది, సంతకం పెట్టి ఇచ్చాడు. విమానం కంచెకు చాలా ముందే లేచింది. అది చూశాక మేనేజరు గదికి వెళ్ళి వేటకుక్కల సంగతి తనే చెప్పాడు. ఎత్తుకుని తూచిన కుక్కల అంకెలన్నీ ఒక కాగితం మీద దించుకుని, సెలవు రాసిచ్చి ఇంటికొచ్చాడు. పట్టపగలు వచ్చిన మనిషిని చూసి నానమ్మ చెప్పులు వేసుకుంది.

ఆస్పత్రిలో కుర్ర డాక్టరు, ఎప్పటి నుంచి తగ్గుతున్నారని అడిగాడు. తాతయ్య కాగితం చేతికిచ్చాడు. తారీఖు, బస్తా, ముప్పై రెండు. తారీఖు, బస్తా, ఇరవై తొమ్మిది.

"బస్తా ఎవరండీ?"

"కుక్క బాబూ. అందులో తగ్గిందంతా ఈయనదే" అంది నానమ్మ.

డాక్టరు నవ్వాడు. నవ్వుతూనే కాగితం చివరిదాకా చదివి, నవ్వు ఆపి, తాతయ్యను బల్ల మీద పడుకోమన్నాడు. పొట్టంతా నొక్కి చూశాడు. కుడివైపు పక్కటెముకల కింద ఒకచోట వేళ్ళు ఆగాయి. అక్కడే మళ్ళీ నొక్కాడు, ఇంకోసారి నొక్కాడు. నొప్పిగా ఉందా అంటే తాతయ్య లేదన్నాడు. డాక్టరు కూర్చుని చాలాసేపు ఏదో రాశాడు. ఈ పరీక్షలన్నీ ఇవాళే చేయించండి, రేపటికి పెట్టొద్దు అన్నాడు.

నానమ్మ చీటీ తీసుకుని మడతపెట్టింది. తాతయ్య లేచి చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఒక గుండీ తప్పు పెట్టాడు. నానమ్మ అది విప్పి సరిగ్గా పెట్టింది. ఇద్దరూ పరీక్షల గదివైపు నడిచారు.