రేచీకటి అక్కతో నక్షత్రాల పురిటింటికి

మా అక్క ఎస్తేరుకు రేచీకటి. చూపు అంచుల నుంచి మూసుకొస్తోందని, మధ్యలో మిగిలింది కూడా ఎన్నాళ్లుంటుందో చెప్పలేమని డాక్టరు అన్న రోజున అక్క ఏడవలేదు. "చుక్కలు పుట్టే జాగ అని ఎప్పుడు చెప్తుంటవ్ గద, అది ఒక్కసారి చూపియ్‌రా" అంది. అందుకే జనవరిలో, అమావాస్య దగ్గర పడ్డాక, టెలిస్కోపు భుజానేసుకుని బయలుదేరాను.

నాలుగింటికి మెహిదీపట్నంలో చేవెళ్ల బస్సు ఎక్కాను. దగ్గర కదా అని అజీజ్‌నగర్‌లో ఆగకండి, ఫామ్‌హౌస్‌ల లైట్లకు అక్కడ ఆకాశమే కనపడదు. మొయినాబాద్‌లో అక్క ఎక్కింది. చేవెళ్లలో దిగి స్నేహితుడి తోటకు ఆటో మాట్లాడుకున్నాం, రెండు వందలు. సంగతి విన్న ఆటో అన్న వెనక్కి తిరిగాడు. "అక్కకు చీకట్ల కనవడదంటవ్, మల్ల చుక్కలు చూపిస్తనంటవ్! ఎట్లన్నా?" అక్క పకపకా నవ్వింది.

తోటలో వంట చేసే సాయమ్మ అవ్వ అప్పటికే చారు పెట్టింది. మేమిద్దరం అదనంగా దిగేసరికి అందులో చెంబెడు నీళ్లు పోసింది. "ఇగ అందరికొస్తది. ఉప్పు, పులుపు జర తగ్గుతయ్, ఫికర్ చెయ్యకుర్రి." నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. గెలాక్సీల కథ కూడా ఇదేనని అక్కకు చెప్పాను. గ్యాసు ఉన్నన్నాళ్లే నక్షత్రాలు పుడతాయి, అది అయిపోతే మిగిలేవి ముసలి ఎర్ర చుక్కలే. పుట్టినవి కడుపులో ఇనుము, కాల్షియం లాంటివి వండి, చచ్చేటప్పుడు మళ్లీ గ్యాసులో కలిపేస్తాయి. బయటి నుంచి కొత్త గ్యాసు వచ్చి పడితే ఆ సారం పలచనవుతుంది, కానీ కాన్పులు పెరుగుతాయి.

"నా ఒంట్ల ఇనుము గూడ గట్లొచ్చిందేనా?"

"అంతేనక్కా."

"యేసయ్యా!" అంటూ అక్క అరచేతులు తిప్పి చూసుకుంది.

చీకటి పడ్డాక ఆండ్రోమెడా గెలాక్సీకి గురిపెట్టాను. "నేరుగ గాదక్కా, జర పక్కకు చూడు" అన్నాను. మసక వెలుగు చూడాలంటే టెలిస్కోపు పట్టే మేమంతా చెప్పే కిటుకు అది.

"ఏం లేదురా. అంత నలుపే." మళ్లీ చూసింది. మళ్లీ నలుపే. కన్ను గొట్టం నుంచి తీసేసింది. "ఇగ చాలు, పోదాం పా."

అప్పుడు తట్టింది. నా బుర్ర తగలెయ్య, అక్కకు పోయిందే పక్క చూపు కదా! గబగబా గొట్టాన్ని ఓరియన్ నెబ్యులా వైపు తిప్పాను. మన పాలపుంతలోనే ఉన్న పెద్ద గ్యాసు మేఘం అది. "ఈసారి సూటిగ చూడు, నడిమిట్ల."

అక్క మళ్లీ కన్ను ఆనించింది. "ఒకటి... రెండు... ఒరేయ్, నాలుగున్నయ్‌రా!"

ఆ మేఘంలో ఈమధ్యే పుట్టిన పసి నక్షత్రాలవి. నా కళ్లు తడిశాయి, చెప్పుకోడానికి సిగ్గేముంది.

"చుట్టు గ్యాసు ఉన్నదంటివి గద, అది నాకు కనవడతలేదు."

"మస్తు మిగిలున్నదక్కా."

"అయితే ఇంక పుడ్తయ్ తియ్" అంది, కన్ను తియ్యకుండానే.

ఆ రాత్రి తోటలోనే పడుకుని పొద్దున్నే బస్సు ఎక్కాం. వెయ్యేళ్లకు ముందే బయలుదేరిన వెలుగు, వచ్చి వచ్చి, మూసుకుపోతున్న మా అక్క కంట్లో దిగిందని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీరు వెళ్తే ఒక్క సలహా: రేచీకటి ఉన్నవాళ్లను పక్కకు చూడమనకండి. చెయ్యి పట్టుకుని టెలిస్కోపు దాకా తీసుకెళ్లి, సూటిగా చూడమనండి. ఆ తర్వాత తొందరపెట్టకండి. మా అక్క చాలాసేపటిదాకా లేవలేదు.