స్వామి చిటికెన వేలు

మా ఆయన శిల్పి. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో నన్ను ఒక్క యాత్రకూ తీసుకుపోలేదు. దేవుళ్లంతా మన వాకిట్లోనే తయారవుతుంటే వెతుక్కుంటూ పోవడం ఎందుకనేవాడు. అందుకని ఈసారి నేనే ఆయన్ను తీసుకుపోయాను. కార్తీకమాసం, శుక్రవారం, పొద్దున ఆరుంబావుకు ఆళ్లగడ్డలో ప్రొద్దుటూరు బస్సెక్కాం. ఆడవాళ్లకు ఉచితం కాబట్టి కండక్టరు నా ఆధార్ కార్డు చూసి సున్నా టికెట్ కొట్టిచ్చాడు. ఆయన దగ్గర మాత్రం డబ్బులు తీసుకున్నాడు. నేను కిటికీ పక్కన దర్జాగా సర్దుకుని కూర్చున్నాను.

ఈ ప్రయాణం ఎందుకు పెట్టుకున్నానో ముందే చెప్పేస్తాను. వీరపునాయునిపల్లె దగ్గరి ఒక ఊరివాళ్లు కొత్తగా కట్టుకున్న గుడికి ఐదడుగుల ఆంజనేయస్వామిని చేయమని మా ఆయనకు అప్పగించారు. నాలుగు నెలల పని. ఇక నునుపు పట్టడమే మిగిలిందనగా, తొమ్మిది రోజుల కిందట ఉలి జారి, స్వామి ఎడమచేతి చిటికెన వేలి కొస ఎగిరిపోయింది. వడ్లగింజంత ముక్క. భిన్నమైన విగ్రహం పూజకు పనికిరాదని మా ఇళ్లలో పసిపిల్లలకు కూడా తెలుసు. మేం బయల్దేరేనాటికి ప్రతిష్ఠకు పన్నెండు రోజులే ఉన్నాయి. ఊరివాళ్లు పత్రికలు అచ్చేయించి పంచేశారు కూడా.

రాతిపొడి కలిపిన జిగురుతో అతికిస్తే ఎవరికీ తెలియదు. అతికించమని నేనే చెప్పాను.  ఆయన మాత్రం రాతిపెళ్లల్లో వెతికి వెతికి ఆ ముక్కను పట్టుకుని, గుడ్డలో చుట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ రోజు నుంచి సరిగ్గా తిన్నది లేదు, పడుకున్నది లేదు. అరవై మూడేళ్ల వయసులో చేయి వణికిందని నలుగురికీ తెలిస్తే ఇంకెవరూ రాయి అప్పగించరని ఆయన భయం. ఆ భయం నాకూ ఉంది.

అప్పుడు నాకు గండి క్షేత్రం గుర్తొచ్చింది. పులివెందుల దాటి, వేంపల్లె దగ్గర, పాపఘ్ని ఒడ్డున ఉంది. అక్కడి ఆంజనేయుడికి ఎడమచేతి చిటికెన వేలు లేదని మా అవ్వ చెప్పేది. సరిగ్గా అదే చేయి, అదే వేలు. వేలు లేని స్వామికి వేలమంది మొక్కడం కళ్లారా చూస్తే మనిషి మెత్తబడతాడని నా ఎత్తు. అది బయటికి చెప్పలేదు. గండికోటలో రాతిపని చూద్దాం, అట్లే గండికి కూడా పోయొద్దాం అన్నాను. రాయి పేరు వినగానే సంచి సర్దుకున్నాడు.

ఎనిమిదింటికి ప్రొద్దుటూరులో దిగాం. బస్టాండు పక్క హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. ఆయన సగం వదిలేస్తే అదీ నేనే తిన్నాను. బంగారం అంగళ్లు ఇంకా తెరవకపోవడం మా ఇంటి అదృష్టం. ఆటోలో పెన్న ఒడ్డున ఉన్న రామేశ్వరం గుడికి పోయి శివుణ్ణి చూసుకున్నాం. రాముడు ప్రతిష్ఠించిన లింగమని చెప్తారు. కార్తీకం కదా, ఆడవాళ్లు మెట్ల మీద వరుసగా దీపాలు పెడుతున్నారు. ఆయన గర్భగుడి ముందు నిలబడి జేబు మీద చేయి వేసుకున్నాడు.

పదిన్నర బస్సుకు జమ్మలమడుగు బయల్దేరాం. దారి పొడుగునా నల్లరేగడి చేలు, శనగ మొలకలు. పక్క సీటులో ఒకామె ఒళ్లో పూలబుట్ట పెట్టుకుని ఎక్కడికని అడిగింది. చెప్పాను. "రేపు శనివారం గదమ్మా, గండిలో జనం శానా ఉంటారు. పొద్దున్నే పొండి," అంది. మీరు పోయేటట్టయితే ఆ మాట గుర్తుంచుకోండి, మాకు బాగా పనికొచ్చింది. మేం చేరేసరికి జమ్మలమడుగు నారాపుర వెంకటేశ్వరస్వామి గుడి మూసే వేళయింది. పూజారి మా ముఖాలు చూసి ఆగి హారతి ఇచ్చాడు. బస్టాండు దగ్గర లాడ్జిలో గది తీసుకుని, వీధి చివర మెస్సులో రాగి సంగటి, వేరుశనగ ఊరిబిండి పచ్చడి తిన్నాం.

గండికోటకు బస్సులు తక్కువ. రానూ పోనూ ఆటో మాట్లాడుకున్నాం. ఆటో అతని పేరు మస్తాన్, నలభై ఏళ్లుంటాయి. కువైట్‌లో పదకొండేళ్లు పనిచేసి వచ్చాడట. మా ఆయన శిల్పి అని తెలిశాక మస్తాన్ దారంతా వెనక్కి తిరిగి మాట్లాడుతూనే ఉన్నాడు, నేను రోడ్డు చూసుకోమని చెప్తూనే ఉన్నాను. "ఆడ అంతా అద్దాల మేడలే మామా. రాయి ముట్టుకోవాలంటే మళ్ల ఈడికే రావాల," అన్నాడు.

కోట వాకిలి దాటి, మసీదు, ధాన్యాగారం చూసుకుని, బండలెక్కి లోయ అంచుకు పోయాం. నేను రెండడుగుల ముందే ఆగిపోయాను. ఎర్రటి కొండను పైనుంచి కిందికి నిట్టనిలువునా కోసినట్టుంది. రెండు వైపులా బండలు పలకలు పలకలుగా, ఎవరో పేర్చి పెట్టినట్టున్నాయి. అడుగున పెన్న పచ్చగా, చప్పుడు లేకుండా కదులుతోంది. ఇంత రాతిని నీళ్లు కోశాయంటే నమ్మబుద్ధి కాలేదు.  ఆయన మాత్రం అంచున చతికిలబడి, ఎన్నాళ్లు పట్టిందో అని మెల్లగా అన్నాడు. శిల్పి కదా, కూలి లెక్క వేస్తున్నాడేమో అని నవ్వుకున్నాను.

మాధవరాయస్వామి గుడి గోపురం దూరం నుంచే రారమ్మంటుంది. లోపల స్తంభాలను ఆయన కళ్లతో కాదు, వేళ్లతో చూశాడు. నాట్యం చేసే బొమ్మలు, ఏనుగులు, లతలు. కొన్నింటికి చేతులు లేవు, కొన్నింటికి ముక్కులు లేవు. ఒక్కో లత మలుపు దగ్గర ఉలి ఏ పక్క నుంచి వచ్చిందో నాకు చూపించాడు. తొమ్మిది రోజుల తర్వాత ఆ ముఖంలో వెలుగు చూశాను, నాకు ఏడుపొచ్చినంత పనైంది. గర్భగుడిలో మూర్తి లేదు. ఖాళీ పీఠం ముందు ఆయన చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"ఇరిగిన దేవుణ్ణి నిలబెట్టేదాని కంటే ఇట్ల ఉత్త పీఠమే మేలు," అన్నాడు.

 వేసిన ఎత్తు మొదటి రోజే అడ్డం తిరుగుతోంది. పొద్దు వాలుతోంది, పోదాం పద అని ఆటో ఎక్కించాను.

శనివారం ఆరున్నరకు పులివెందుల బస్సు. ముద్దనూరు దగ్గర కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు పొలాల మీదుగా కనిపించాయి. పులివెందుల చుట్టూ అరటి, చీనీ తోటలు. అక్కడ ఇడ్లీ తిని, వేముల మీదుగా పోయే బస్సులో వేంపల్లెకు, అక్కడి నుంచి షేర్ ఆటోలో గండికి చేరేసరికి పదింబావు. రెండు కొండల మధ్య పాపఘ్ని దారి చేసుకుని పోతున్న చోటు అది. గండికోట లోయ భయపెట్టింది, ఇది దగ్గరికి పిలిచింది. కొండ నీడ ఏటి మీద పడి ఉంది. చల్లటి గాలి వచ్చి ముఖానికి తగిలింది. వాయుదేవుడు తపస్సు చేసిన చోటంటారు, ఆ గాలికి నాకు ఒళ్లు జలదరించింది.

క్యూలో గంటన్నర. ముందు నిలబడిన వేముల రైతు మాకు కథంతా చెప్పాడు. లంక నుంచి తిరిగొచ్చే రాముడికి వాయుదేవుడు ఈ కొండ నుంచి ఆ కొండకు బంగారు తోరణం కట్టాడట. రాముడు ఇక్కడ ఆగి, బాణం మొనతో బండ మీద ఆంజనేయుడి రూపం గీశాడట. పోయే వేళయిందని లక్ష్మణుడు తొందర చేస్తే ఎడమచేతి చిటికెన వేలు గీయకుండానే లేచిపోయాడట. ఆ కథ వినమని నేను మా ఆయన మోచేతిని పొడుస్తూనే ఉన్నాను.

గర్భగుడి ముందుకు వచ్చాం. పూజారి పెద్దవాడు, ఓపికైన మనిషి. హారతి పళ్లెం స్వామి ముఖం దగ్గర తిప్పి, మెల్లగా ఎడమచేతి దగ్గరికి తెచ్చాడు. సింధూరం రంగులో, ఆ వెలుగులో, ఒక వేలు ఉండవలసిన చోట ఉత్త బండ కనిపించింది. ఇన్నేళ్లూ అవ్వ నోట విన్నది కళ్ల ముందు ఉంది. ఎత్తూ లేదు, జిత్తూ లేదు, నేను దేనికి వచ్చానో కూడా మర్చిపోయాను. కళ్ల నీళ్లు కారిపోతుంటే అట్లాగే నిలబడ్డాను.

పూజారి మిగతా కథ చెప్పాడు. తర్వాతి కాలంలో ఒక శిల్పి ఆ రూపాన్ని ఉలితో చెక్కి, వేలు కూడా పూర్తి చేద్దామని పోయాడట. ఉలి తగలగానే ఆ చోట నెత్తురు చిమ్మిందట. దాంతో వదిలేశాడట.

మా ఆయన అడిగాడు. "ఆ శిల్పి ఏమైనాడు సామీ?"

పూజారి ఆయన చేతుల వైపు చూశాడు. శిల్పుల చేతులు దాచినా దాగవు. "అది కథలో ల్యేదు నాయనా. ఇన్నేండ్లలో ఎవురూ అడగలా," అన్నాడు. ఆయన దోసిట్లో రెండు తులసి దళాలు ఎక్కువే వేశాడు.

అన్నదానంలో పులిహోర, సాంబారు అన్నం పెట్టారు. ఆయన విస్తరి ఖాళీ చేసి ఇంకాస్త పెట్టించుకున్నాడు. నా పాచిక పారిందనుకున్నాను. చేయి కడుక్కునేటప్పుడు, చూశావు కదా, వేలు లేకపోయినా స్వామికి ఏం తక్కువైందని మెల్లగా కదిపాను. ఆయన నా వైపు తిరిగాడు. కోపం లేదు.

"రాముడు గీయకుండా పోయినాడు. ఇరగ్గొట్టి పోలా," అన్నాడు.

 రెండు రోజులు, నాలుగు బస్సులు, ఇంత దూరం తీసుకొచ్చింది ఈ మాట వినడానికా అనుకున్నాను.

వేంపల్లెలో రెండుంబావుకు ఎర్రగుంట్ల బస్సు దొరికింది. అది వీరపునాయునిపల్లె మీదుగానే పోతుంది. టికెట్ మాత్రం ఎర్రగుంట్లకే తీసుకున్నాం. వీరపునాయునిపల్లె స్టాపులో బస్సు ఆగగానే ఆయన లేచి నిలబడ్డాడు. ఈడ దిగుదాం అన్నాడు. ఎందుకని నేను అడగలేదు. సంచి తీసుకుని వెనకే దిగాను. 

ఆటోలో ఊరు చేరేసరికి గుడికి సున్నం వేస్తున్నారు. గుడి పని చూస్తున్న ఊరిపెద్ద ఓబులేసు, మమ్మల్ని చూసి చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. స్వామి ముందే వచ్చేశాడా అని నవ్వాడు. మా ఆయన జేబులోంచి గుడ్డ తీసి విప్పి, ఆ వడ్లగింజంత రాయిని ఓబులేసు అరచేతిలో పెట్టాడు. ఏం జరిగిందో దాచకుండా చెప్పాడు, చేయి జారిందని కూడా చెప్పాడు. సున్నం వేస్తున్నవాళ్లు పని ఆపేశారు.

ఓబులేసు ఆ ముక్కను అటూ ఇటూ తిప్పాడు. "అతికిస్తే కనపడదా ఆచారీ?"

"కనపడదు."

"మరి ఎందుకు చెప్తివప్పా? పత్రికలు పంచినాం, సుట్టాలను పిలుచుకున్నాం."

తొమ్మిది రోజులుగా నేను అడుగుతున్నదీ అదే.

"హారతి ఇచ్చేటప్పుడు మీరందురూ సామి మొగం చూస్తారు," అన్నాడు మా ఆయన. "నేనొస్తే వేలే చూస్తా."

 ఓబులేసు ముక్కను ఆయన చేతికిచ్చేసి గుడిలోకి వెళ్లిపోయాడు. మేం ఎండలో నిలబడ్డాం. అయిపోయింది, ఇక ఈ చుట్టుపక్కల ఆయనకు పని లేదు అనుకున్నాను. విచిత్రమేమిటంటే, నాకు ఆయన మీద కోపం రాలేదు. అతికించమన్నందుకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే ఆయన పక్కకు ఇంకొంచెం దగ్గరగా జరిగాను.

లోపలి నుంచి ఓబులేసు చేతిలో కొలత టేపుతో వచ్చాడు.

"ప్రతిష్ఠ వైశాఖంలో పెట్టుకుందాం ల్యా. లోపలికొచ్చి పీఠం కొలత మళ్లొకసారి చూసుకో. ఈ తూరి తప్పు పోకూడదు," అన్నాడు.

మా ఆయన చెప్పులు విడిచి లోపలికి పోయాడు. టేపు ఒక కొస ఓబులేసు పట్టుకున్నాడు, ఇంకో కొస ఆయన పట్టుకున్నాడు. ఆయన చేయి వణకలేదని నేను చెప్పను. వణికింది. ఓబులేసు అది చూశాడు కూడా. చూసి, టేపు కొసను ఇంకాస్త గట్టిగా నొక్కి పట్టుకున్నాడు.

ఐదున్నరకు ఎర్రగుంట్ల బస్సు, అక్కడి నుంచి ప్రొద్దుటూరు, తర్వాత మా ఊరి బస్సు. ప్రొద్దుటూరు దాటగానే ఆయన నిద్రపోయాడు, తల నా భుజం మీదికి వాలింది. కండక్టరు వచ్చి ఆయన టికెట్ అడిగితే లేపకుండా నేనే డబ్బులిచ్చాను.

మీరూ వెళ్లండి. రెండు రోజులు చాలు, చలికాలమైతే మేలు. గండికోటలో లోయ అంచుకు మరీ పోకండి. పాపఘ్ని గండిలో హారతి ఎడమచేతి దగ్గరికి వచ్చినప్పుడు కళ్లు మూసుకోకండి. మొగుడికి ఏదైనా నచ్చజెప్పాలనుకునేవాళ్లు మాత్రం ఆయన్ను గండికి తీసుకుపోవద్దు. నేను తీసుకుపోయి ఓడిపోయాను. మైదుకూరు దీపాలు కనిపించేదాకా ఆయన తల కదిలిపోకుండా అట్లాగే కూర్చుని, ముప్పై ఎనిమిదేళ్లుగా నేను ఎవరితో కాపురం చేస్తున్నానో ఇవాళే తెలిసినట్టు, ఆయన చేతినే చూస్తూ వచ్చాను.